చుక్క నూనె

ఢోక్లా పాపం ఎప్పుడూ ఆవిరి మీదే ఉడికింది.
దాన్ని ముంచింది నేనే,
గరిటెడు పోపు నెత్తిన కుమ్మరించి.

ఇవాళ గరిటె గోడకే వేలాడుతోంది.
టీ చెంచా తీశాను.
ఆవాలు కాసేపు నన్ను నమ్మలేదు.
బాండీ మధ్యన ఒక్క తడి మచ్చ చుట్టూ
కుళాయి దగ్గర బిందెల్లా తోసుకుని, తోసుకుని
చివరికి చిటపటమన్నాయి.
సన్నగా.
కానీ అన్నాయి.

ముందుగదిలోంచి రసిక్‌లాల్:
"పొయ్యి వెలిగించావా అసలు?"
పోపు చప్పుడుని బట్టి
కంచం ఎంత దూరంలో ఉందో లెక్కగట్టే మనిషి.
నలభై ఏళ్లు నడిచిన ఆ గడియారం
ఈ నెల ఆగిపోయింది.

లెస్టర్ కాలవొడ్డున బనీన్ల ఫ్యాక్టరీలో
ఇరవై ఆరేళ్లు ఓవర్‌లాక్ మిషన్ తొక్కాను.
పొద్దున్నే దానికి నూనె పెట్టాలి,
ఇక్కడో చుక్క, అక్కడో చుక్క.
"చుక్క ఎక్కువైతే బట్టకి మరక, కుసుమ్,
మరక పడితే నీ జీతానికి కోత" అనేవాడు
మా సూపర్‌వైజర్, ముక్కు మీదికి కళ్లజోడు జార్చి.

ఇనుముకి చుక్క చాలని తెలిసిన చేతులే
సాయంత్రం ఇంటికొచ్చి
మనుషులకి డబ్బాలు డబ్బాలు వంచాయి.
మా మరిది జయసుఖ్‌కి రెండు స్టెంట్లు పడేదాకా
ఎవరికీ ఏమీ కనపడలేదు.
మరక లోపలి వైపు కదా.

నాకు అరవై రెండు. సోమ, గురువారాలు ఈత.
డాక్టరు చెప్పలేదు, కోడలూ చెప్పలేదు.
ఫ్యాక్టరీ బస్సు పై అంతస్తులోంచి
అద్దాల గోడ వెనక ఆ నీలం నీళ్లు
రోజుకి రెండుసార్లు కనపడేవి.
చేతుల్లో టిఫిన్ డబ్బా, కళ్లల్లో నీళ్లు,
ఏడుపు నీళ్లు కావు, ఆ నీళ్లే.

పక్క లేన్ హోదన్‌ది. సోమాలియా మనిషి.
మణికట్టు దాకా, మడమ దాకా వచ్చే ఈత బట్టలు
ఎక్కడ దొరుకుతాయో చెప్పింది ఆమే.
"మా ఇంట్లో ఇన్నాళ్లూ సంబూసలే ఈదేవి" అంది ఓసారి,
ఇద్దరం నవ్వి నీళ్లు మింగాం.
ఆమెకి పదిహేను లెంగ్తులు, నాకు పదకొండు.
ఇరవై కొట్టాలి వేసవి లోపల.
పన్నెండో దాని సగంలో ఊపిరి
పాత దారంలా పుటుక్కుమంటుంది.

వంట కూడా అంతే, మొదట్లో మునిగిపోయాను.
నూనె తగలని మెంతి థేప్లాలు అప్పడాలయ్యాయి.
రసిక్‌లాల్ ఒకటి తీసి
గాలికి కొట్టుకునే కిటికీ రెక్కకి అడ్డం పెట్టాడు.
మాట్లాడలేదు. పెట్టాడంతే.

తర్వాతి వారం సొరకాయ తురిమి పిండిలో పిండాను,
పుల్ల పెరుగుతో తడిపి గంట నాననిచ్చాను,
పొడి పెనం మీద గుడ్డతో ఒత్తి తిప్పాను.
పొంగాయి.
పప్పులో బెల్లం సగానికి దించి
ఆ ఖాళీలో కోకం పులుపు కూర్చోబెట్టాను.
మనిషి మూడో థేప్లా అడక్కుండానే తీసుకున్నాడు.
మా ఇంట్లో సర్టిఫికెట్ అంటే అదే.

బుధవారం స్క్రూడ్రైవర్ కోసం వెతుకుతుంటే
పనిముట్ల పెట్టెలో, సుత్తి కింద,
గాంఠియా పొట్లం.
నాలుగు మడతలు పెట్టి, రబ్బరు బ్యాండు వేసి,
నేను కుట్టిన అంచుల కన్నా శ్రద్ధగా.

నిలబడే నాలుగు తిన్నాను.
అదే మడత, అదే బ్యాండు, అదే సుత్తి.
నోట్లో వాము ఘాటు పోవడానికి
చల్లని మజ్జిగ తాగి
పిల్లిలా హాల్లోకి వచ్చి కూర్చున్నాను.

గురువారం పన్నెండో లెంగ్తు దాటేశాను.
గాంఠియా పుణ్యమో, పెసరపప్పు పుణ్యమో
హోదన్‌కి చెబితే
"నాకూ ఓ పొట్లం దాచమను" అంది.

తిరుగు బస్సులో పై అంతస్తు.
తడి జుట్టుకి క్లోరిన్, గోళ్ల సందుల్లో మెంతికూర.
మలుపు దగ్గర అద్దాల గోడ వచ్చింది,
ఇంకా కదులుతున్నాయి నీళ్లు,
ఇందాక నేను కదిపినవి.